ఆరూ తొమ్మిదీ కొట్లాడుకునే డైరీ

ఇప్పుడు నేను బాగానే ఉన్నాను. చదివేవాళ్లు చివరిదాకా భయపడుతూ కూర్చోవడం నాకిష్టం లేదు కాబట్టి ఈ మాట ముందే రాసేస్తున్నాను.

నాకు పిచ్చి అన్నారు. కాదు, నాకు అంకెలు రావు. ఈ రెండూ ఒకటి కాదని తెలుసుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో పేరున్న ఒక మానసిక వైద్యుడికి దాదాపు రెండేళ్లు చాలలేదు. ఆయన గది బయట, నా పక్క కుర్చీలో కూర్చున్న ఇంకో పేషెంటుకు పావుగంట చాలింది. డాక్టరు గురించి కొంచెం మర్యాదగా రాయమని మా నాయన అన్నాడు. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.

తేదీలు అడగొద్దు. నాకు గుర్తుండేవి బోనాలు, బతుకమ్మ, ఎండలు, వానలు. వాటిని పట్టుకునే రాస్తాను.

పాట లాంటి ఎక్కాలు

మాది నల్గొండ వైపు ఊరు. నేను పుట్టకముందే మావాళ్లు మీర్‌పేటకు వచ్చేశారు. నాయన ఆర్టీసీ డ్రైవరు. అమ్మ ముందుగదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుడుతుంది. ఎవరు గుడ్డ తెచ్చినా అమ్మ అడిగే మొదటి మాట, "ఆది తెచ్చినవా?" ఆది అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి సుద్దముక్కతో గీసి కత్తిరిస్తుంది. ఆది లేనివాళ్లకు దారంతో కొలిచి ముడులు వేసి పెట్టుకుంటుంది. టేపు మెడలో వేలాడుతూనే ఉంటుంది. కుట్టు ఎప్పుడూ తప్పలేదు. మా వీధిలో అదంతా అమ్మ చేతి గొప్పతనం కింద చెప్పుకుంటారు.

నాకు అక్షరాలతో ఏనాడూ గొడవ లేదు. ఒకటో తరగతిలోనే పొట్లం కట్టిన కాగితాలు విప్పి చదివేదాన్ని. అంకెలే లొంగలేదు. ఏడు పెద్దదా ఐదు పెద్దదా అని అడిగితే ఒకటి నుంచి నడుచుకుంటూ వెళ్లి చూడాలి. గడియారంలో ముల్లు ఎటు ఉందో కనిపిస్తుంది, ఎంతయిందో కనిపించదు. కుడి ఏదో తెలియాలంటే ఇప్పటికీ అన్నం తినే చెయ్యిని కొద్దిగా కదిలిస్తాను.

మరి పదో తరగతి ఎలా పాసయ్యావు అని అందరూ అడుగుతారు. మా స్కూల్లో లెక్కలు చేయించరు, కంఠతా పట్టిస్తారు. గైడులో ఉన్న లెక్కలే పరీక్షకు వస్తాయి. నేను వాటిని పద్యాల్లా నేర్చుకున్నాను. ప్రశ్నలో మొదటి మాట వినగానే జవాబు కింద గీసే రెండు గీతల దాకా అప్పజెప్పగలను. ఒకసారి టీచరు పొరపాటున ప్రశ్నలో అంకెలు మార్చి ఇచ్చింది. నేను గైడులో ఉన్న జవాబే రాశాను. ఆమె కూడా గైడు చూసే దిద్దింది. మార్కులు పడ్డాయి. ఇద్దరం సంతోషంగా ఇంటికి వెళ్లాం. అలాంటి బడిలో నాకేదో లోపం ఉందని ఎవరు కనిపెడతారు? కనిపెట్టాలంటే ముందు వాళ్లకు లెక్కలు రావాలి.

డైరీ రాయడం ఏడో తరగతిలో మొదలైంది. ఇంట్లో ఎక్కువ మాట్లాడను, బయట అసలు మాట్లాడను, మాటలన్నీ అందులోకే పోయేవి. అంకెలు గుర్తుండటానికి వాటికి ముఖాలు పెట్టుకున్నది కూడా అందులోనే. సున్న నోరు తెరిచిన పసిపాప. ఒకటి వాచ్‌మన్, ఎప్పుడూ నిలబడే ఉంటాడు. ఏడు నడుం వంగినా నోరు తగ్గని అత్త. ఆరు, తొమ్మిది కవల అక్కచెల్లెళ్లు, ఒకరి బట్టలు ఒకరు వేసుకుని నన్ను మోసం చేస్తారు. బస్సు నంబరైనా, ఇంటి నంబరైనా వీళ్లతో ఒక చిన్న కథ అల్లుకుంటే గుర్తుండేది. చాలా సార్లు పని జరిగింది.

ఇంటర్‌లో, డిగ్రీలో లెక్కలు లేవు. తెలుగు, చరిత్ర చదివాను. ఆ కాలమంతా నేను తెలివైనదాన్ని.

కోచింగ్

డిగ్రీ అయ్యాక ప్రభుత్వ ఉద్యోగం అన్నారు. ఉద్యోగం అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, కోచింగ్ అంటే అర్థమెటిక్. మెట్లెక్కి పోయే పొడుగాటి హాలు, కింద మిర్చి బజ్జీల బండి. లోపలికి వెళ్లేటప్పుడు ఫోన్లు ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయాలి. ప్రతి సోమవారం పరీక్ష మార్కులు కింది నుంచి పైకి చదువుతారు. పేరు వచ్చినవాళ్లు లేచి నిలబడాలి, మొదటి ర్యాంకు వచ్చేదాకా కూర్చోకూడదు. అంటే ఆఖరు మనిషి అందరికంటే ఎక్కువసేపు నిలబడాలి. నాకు ఆ హాలు కిటికీలోంచి కనిపించే ప్రతి ఫ్లెక్సీ అక్షరం అక్షరం తెలుసు.

లెక్కల సారుది కృష్ణా జిల్లా. పిల్లల్ని నవ్వించడం బోధన అనుకునే రకం.

"ఏవమ్మా, డిగ్రీలో డిస్టింక్షనంట కదా. అరవైలో పదిహేను శాతం చెప్పడానికి ముహూర్తం పెట్టించమంటావా?" అనేవాడు. హాలంతా నవ్వేది. నవ్వినవాళ్లలో సగం మందికి కూడా జవాబు తెలియదని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు తల దించుకునేదాన్ని.

బోనాల వారం అది. సారు బోర్డు మీద గడియారం గీసి నన్ను పిలిచాడు. రెండు ముళ్ల మధ్య కోణం సంగతి తర్వాత, ముందు టైమెంతో చెప్పమన్నాడు. చూశాను. ముళ్లు కనిపించాయి.

"చిన్నపిల్లలు చెప్తారమ్మా ఇది. నువ్వేమైనా నాటకాలాడుతున్నావా?"

నేను నాటకాలు ఆడలేదు. బ్యాగు అక్కడే వదిలేసి, బుట్టలో ఫోను వదిలేసి మెట్లు దిగిపోయాను. ఏదో బస్సెక్కాను. కవలలిద్దరూ ఆ రోజు కూడా బట్టలు మార్చుకున్నారు కాబోలు, బస్సు మీర్‌పేట పోలేదు. ఆఖరి స్టాపులో అందరూ దిగినా నేను కూర్చునే ఉన్నాను.

కండక్టరు దగ్గరికొచ్చి, "ఏడికి పోవాలమ్మా?" అని అడిగాడు. మా నాయన కూడా ఆర్టీసీనే అని చెప్పాను. "అయితే ఫికర్ లేదు. నంబర్ చెప్పు, ఫోన్ జేస్త," అన్నాడు. చెప్పాను. ఎవరో తిట్టి పెట్టేశారు. మళ్లీ చెప్పాను. వేరే ఎవరో ఎత్తారు. మూడోసారి కండక్టరు ఫోన్ జేబులో పెట్టుకుని నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు తర్వాత చాలామంది ముఖాల్లో చూశాను, కానీ మొదట చూసింది ఆయన దగ్గరే. మంచి మనిషి. నీళ్ల సీసా ఇచ్చి, డిపోకు ఫోన్ చేసి, పేరు చెప్పి నాయన్ను వెతికించాడు.

ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలోనే అంది, "కన్న తండ్రి నంబర్ యాదికి లేదంటే ఇంకేముంది? మతి పోయినట్టే."

ఆ తర్వాత నేను బయటికి వెళ్లలేదు. ఏడుస్తూ ఉండేదాన్ని, తినబుద్ధయ్యేది కాదు. ఇది దాచను. భయం నిజంగానే ఉంది. కానీ కాలు విరిగినవాడు కుంటుతాడు, కుంటడం వల్ల కాలు విరగదు.

నేను పడుకున్నప్పుడు అమ్మ నా డైరీ తీసి చదివింది. "ఈ రోజు కూడా ఆరు, తొమ్మిది కొట్లాడుకుని చోటు మార్చుకున్నారు. ఏడు నన్ను చూసి నవ్వింది." అమ్మకు ఒళ్లు చల్లబడిందట.

చేపల తొట్టి

డాక్టరు క్లినిక్‌లో చేపల తొట్టి ఉంది. గోడ మీద ఎర్రటి అంకెలు మారే బోర్డు ఉంది. టోకెన్ నంబరు చూసుకుని మనమే లోపలికి వెళ్లాలి. అంకెలు రాని మనిషికి ఇంతకంటే మంచి వెయిటింగ్ రూమ్ ఉండదు. మొదటి రోజే రెండుసార్లు నా వంతు పోగొట్టాను, వేరేవాళ్ల వంతులో లేచి నిలబడ్డాను. రిసెప్షన్ అమ్మాయి అది కూడా కాగితం మీద రాసింది.

మా ఇళ్లలో డాక్టరు దగ్గర ఆడపిల్ల మాట్లాడదు. తల్లి చెప్తుంది, పిల్ల నాలుక చాపుతుంది. నాలాంటి పిల్లయితే చెప్పనే అక్కర్లేదు.

"పిల్ల నోరిప్పదు సార్, నేన్ చెప్త," అని అమ్మ మొదలుపెట్టింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

"బోనాల సంది సార్. అంతకుముందు బంగారం. ఎన్నడు ఫెయిల్ గాలే."

ఆయన రాసుకున్నాడు. మంచి ప్రశ్నే అడిగాడు, కానీ అడగాల్సినదాని గురించి అడగలేదు. ఏడవడం ఎప్పటి నుంచి అని అడిగాడు. అంకెలు రాకపోవడం ఎప్పటి నుంచి అని అడగలేదు. బాగా చదివే పిల్ల ఇరవై దాటాక హఠాత్తుగా కూలిపోయింది అంటే ఆయన పుస్తకాల్లో దానికి వేరే పేరుంది.

తర్వాత నావైపు తిరిగి, "నూరులోంచి ఏడు తీసెయ్. వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు. అలా చెప్పుకుంటూ పో," అన్నాడు. అది మనసు నిలుస్తుందో లేదో చూసే పరీక్షట. నేను తొంభై దగ్గరే ఆగిపోయాను. ఏకాగ్రత లేదని రాశాడు. ఈత రాని మనిషిని బావిలోకి తోసి, ఊపిరితిత్తులు బాగాలేవని రాసినట్టు.

అమ్మ సంచిలోంచి నా డైరీ తీసింది. నాకు తెలియదు తెచ్చినట్టు. ఆయన మూడు వాక్యాలు చదివాడు. మూడే. నేను లెక్కపెట్టగలిగిన సంఖ్య అది.

"వీళ్లు నీతో మాట్లాడతారా అమ్మా?"

నేను పుస్తకాలు చదివే మనిషిని, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పాలనుకుంటాను. "రాసేటప్పుడు మాట్లాడతారు," అన్నాను.

ఆ రోజు ఆ గదిలో నేను చెప్పింది ఆ ఒక్క వాక్యమే. దాని మీద రెండేళ్లు గోలీలు వేసుకున్నాను.

గోలీలు

ఇది గోలీల మీద కోపంతో రాస్తున్నది కాదు. అవి అవసరమైనవాళ్లకు అవి ప్రాణం; అలాంటి మనిషి గురించి ఇంకాసేపట్లో చెప్తాను. అవి మాత్రం నా కాలికి పట్టే చెప్పులు కావు.

నిద్ర పట్టింది, అందరూ సంతోషించారు. ఏడుపు ఆగింది, ఇంకా సంతోషించారు. నవ్వు కూడా ఆగింది, అది ఎవరూ గమనించలేదు. లావయ్యాను. దసరాకు అమ్మ నా పాత జాకెట్టు ఆదిగా పెట్టి కుట్టిన కొత్తది పట్టలేదు. అమ్మ కుట్టు తప్పడం అదే మొదటిసారి. ఆ రోజు మిషన్ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది.

నిజంగా పోయింది వేరే. బతుకమ్మ వెళ్లాక ఒక మధ్యాహ్నం నవల తీశాను. పేజీ కిందికి వచ్చేసరికి పైన ఏముందో గుర్తు లేదు. మళ్లీ పైకి వెళ్లాను. సాయంత్రం దాకా అదే పేజీ. అంకెలు రాకపోతే ఏం, నాకు అక్షరాలున్నాయి అనుకుని ఇరవై ఏళ్లు బతికాను. ఇప్పుడు అవి కూడా పోయాయి. నాకు కావలసింది ఒక్కటే, చదవడం తిరిగి రావాలి. ఉద్యోగం కాదు, పెళ్లి కాదు, ఇంకేమీ కాదు.

ఇంట్లో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ, నాయన నా గురించి వంటింట్లో గొంతు తగ్గించి కొట్లాడుకునేవాళ్లు. "గా కోచింగ్ల ఎయ్యకపోతే పిల్ల మంచిగుండు," అని నాయన. "నేన్ జేసిన్నా? నువ్వు గాదా సర్కారు నౌకరి అన్నది?" అని అమ్మ. బంధువులు వచ్చి, నేను ముందుగదిలో ఉండగానే, నాకు పెళ్లి చేస్తే తగ్గిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు. నా రోగానికి ఒక కుర్రాణ్ణి మందుగా ఇవ్వాలనుకున్న ఆ దయామయుల్లో ఒక్కరు కూడా నాతో నేరుగా రెండు మాటలు మాట్లాడలేదు.

డాక్టరుతో ఒకసారి ధైర్యం చేసి చెప్పాను, నాకు ఈ జబ్బు లేదేమో అని. ఆయన అమ్మ వైపు తిరిగి, "తనకు జబ్బు లేదనుకోవడమే ఈ జబ్బు లక్షణం," అన్నాడు. డోసు పెంచాడు. ఉంది అంటే ఉన్నట్టు, లేదు అంటే మరీ ఎక్కువ ఉన్నట్టు. ఇంత సుఖమైన శాస్త్రం ఇంకోటి లేదు.

సబిహా ఆంటీ

రెండో ఏడు ఎండలు ముదిరాక, అమ్మకు పెళ్లి జాకెట్ల ఒత్తిడి ఎక్కువై నన్ను క్లినిక్‌లో కూర్చోబెట్టి వెళ్లింది. గంటలో వస్తానంది. ఎర్ర అంకెలు మారుతున్నాయి, నేను చీటీ వైపు, గోడ వైపు మార్చి మార్చి చూస్తున్నాను. పక్క కుర్చీలో బురఖా వేసుకున్న పెద్దావిడ నా చేతిలోంచి చీటీ తీసుకుంది.

"నేన్ జూస్త బిడ్డా. పరేషాన్ గాకు. నువ్వు బిస్కెట్ తిను."

మలక్‌పేట నుంచి వస్తుందట. పేరు సబిహా. నాలుగు బిస్కెట్లు తిన్నాక అడిగింది, "నా తలకాయల ఒకడు మాట్లాడుతుండె. వద్దన్న గాని ఊకోకపోతుండె. నా కొడుకునే అనుమానం వడేటట్టు జేసిండు. గోలీలేసుకున్నంక చుప్ అయిండు. నీ తలకాయల ఎవరున్నరు?"

"ఎవరూ లేరాంటీ."

"జర సోంచాయించి చెప్పు. సిగ్గువడకు."

సోంచాయించాను. అంకెల గురించి చెప్పాను. వాచ్‌మన్, అత్త, కవలలు. ఆమె మధ్యలో ఒకసారి నవ్వింది, అత్త దగ్గర.

"వాళ్లు నువ్వు పిలిస్తె ఒస్తరా, పిలవకున్నా ఒస్తరా?"

"నేను రాస్తేనే."

"నువ్వు వద్దంటె?"

"పుస్తకం మూసేస్తే అయిపోతుంది."

ఆమె బిస్కెట్ పొట్లం మడిచి సంచిలో పెట్టింది. "నువ్వు అల్లితె అది ఖిస్సా. అదే వచ్చి నిన్ను అల్లుకుంటె బీమారి. గింత ఫరక్ తెల్వదా లోపలున్నాయనకు?"

కథకీ జబ్బుకీ తేడా చెప్పే ఈ ఒక్క వాక్యం కోసం ఆయన దగ్గర ఎన్ని పుస్తకాలు ఉండి ఉంటాయి. గాజు తలుపుల బీరువాలో, వరుసగా, నలగకుండా.

ఆమె ఇంకో మాట చెప్పింది. వాళ్ల చెల్లెలి మనవడు ఎనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు తిప్పి రాసేవాడట, ఒక సర్కారు దవాఖానలో పిల్లల్ని పరీక్ష చేసే మేడం కనిపెట్టిందట. "ఆడు పిచ్చోడు గాదు, తెలివి తక్కువోడు గాదు, ఆని దిమాఖ్ అచ్చరాల కాడ వేరే తొవ్వల పోతది అన్నది. నీది అంకెల కాడ పోతుందేమో. పోయి అడుగు. కాని గోలీలు నీ అంతట నువ్వు బంద్ జెయ్యకు. నేన్ జేసిన ఒకసారి. మంచిగ గాలే."

తర్వాత తన ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసిచ్చి, నా చీటీ చూసి, నన్ను మోచేత్తో పొడిచింది. నా వంతు వచ్చింది.

డైరీలో ఉత్తరం

అమ్మతో నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా లక్షణం కింద జమ అవుతుంది. కానీ అమ్మ రోజూ నా డైరీ చదువుతోందని తెలుసు. పేజీల మధ్య రంగు దారప్పోగులు పడి ఉండేవి. అందుకని డైరీలోనే రాశాను. గోలీల మత్తులో ఆ ఒక్క పేజీకి మూడు మధ్యాహ్నాలు పట్టింది.

"అమ్మా, నువ్వు ఇది చదువుతున్నావని తెలుసు. కోపం లేదు." (అబద్ధం. చాలా కోపం ఉంది.) "ఆరు, తొమ్మిది మనుషులు కారు. నువ్వు కొలత మర్చిపోకుండా దారానికి ముడులేసుకుంటావు కదా, నేను అంకెలకు ముఖాలు పెట్టుకున్నాను. అంతే. నాకు చిన్నప్పటి నుంచి అంకెలు రావు. సిగ్గుపడి దాచాను. క్లినిక్‌లో కలిసిన ముస్లిం ఆంటీ మలక్‌పేట వైపు ఒక సర్కారు దవాఖాన ఉందంది, ఒక్కసారి అక్కడ చూపించు. వాళ్లు కూడా పిచ్చే అంటే జీవితాంతం నోరెత్తకుండా గోలీలు వేసుకుంటాను. నాకు చదువుకోవాలని ఉందమ్మా."

ముడుల మాట పోలిక కోసం రాశాను. అంతకంటే ఏమీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున అమ్మ మిషన్ మీద గుడ్డ కప్పింది. నావైపు చూడకుండా, "చీర కట్టుకో. మలక్‌పేట దిక్కు పోవాలె. గా ముసల్మానామె పేరేంది? ఫోన్ జేసి దవాఖాన యాడుందో అడుగు," అంది.

పెద్ద పాప

కిటికీ దగ్గర గుమాస్తా, "ఇది పిల్లల సెక్షనమ్మా. పాప యాడుంది?" అన్నాడు.

"గిదే పాప," అంది అమ్మ.

మేడం పెద్ద వయసు కాదు. చిన్న బల్లలు, చిన్న కుర్చీలు. నా మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. డైరీ ఆవిడ కూడా చదివింది, కానీ మొదటి నుంచి, టీ చల్లారేదాకా. ఏడు అత్త దగ్గర ఆవిడ కూడా నవ్వింది.

చుక్కలు చూపించి ఎక్కువ ఎటు ఉన్నాయో అడిగింది. గడియారం చూపించింది. పేరా చదివించింది, గోలీల మబ్బులో కూడా తప్పు లేకుండా చదివాను. నూరులోంచి ఏడు తీయమనలేదు. "నెలల పేర్లు వెనక నుంచి చెప్పు," అంది. ఆగకుండా చెప్పాను. "ఏకాగ్రతకేం, బ్రహ్మాండంగా ఉంది," అని రాసుకుంది.

తర్వాత అమ్మను అడిగింది. "చిన్నప్పుడు ఎక్కాలు ఎట్లా చెప్పేదమ్మా?"

"మంచిగ జెప్పేది మేడం. పాట లెక్క."

"నడుమ నుంచి అడిగితే? ఏడెనిమిదులు ఎంత అంటే?"

"మొదటి సంది పాడుకుంట వచ్చి చెప్పేది."

"ఎప్పుడూ అట్లాగేనా? పెద్దయ్యాక కూడా?"

"ఎప్పుడు గట్లనే." అమ్మ కొంచెం విసుక్కుంది. "అందరు గట్లనే కద మేడం చెప్పేది?"

మేడం పెన్ను ఆపింది. అమ్మ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. టేపు అక్కడ లేదు, ఇంట్లో వదిలి వచ్చింది.

"మీరేం పని చేస్తారమ్మా?"

"జాకెట్లు కుడ్త."

"కొలతలు ఎట్లా తీసుకుంటారు?"

"ఆది పెట్టుకొని." "లేకుంటె దారంతోని," అంది.

"మంచి పద్ధతి," అంది మేడం. అంతకుమించి అడగలేదు. ఆ అడగకపోవడానికి నేను ఆవిడకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

నాకున్నదానికి పేరు డిస్కాల్కులియా అని రాసిచ్చింది. అక్షరాలకు డిస్లెక్సియా ఎలాగో అంకెలకు ఇది అలాగట. పుట్టుకతో వస్తుంది, పోదు, దారులు వెతుక్కోవచ్చు. నేను ముఖాలు పెట్టుకోవడం అలాంటి దారేనంది. దాన్ని దాచి దాచి వచ్చిన భయం వేరే, దానికి వేరే వైద్యం. అక్కడి మానసిక వైద్యురాలు పాత గోలీలను కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వెళ్లింది. వానాకాలమంతా పట్టింది. నిద్ర లేక, చెమటలు పట్టి, అది కూడా సులువేం కాదు. ఇది చదివి ఎవరైనా ఇవాళ్టి నుంచే తమ గోలీలు మానేస్తే ఆ మూర్ఖత్వంలో నాకు భాగం లేదు.

రిపోర్టు తీసుకుని అమ్మ పాత డాక్టరు దగ్గరికి వెళ్లింది. నేను వద్దన్నా నన్ను కూడా వెంటపెట్టుకుని వెళ్లింది. ఆయన తిరగేసి, "ఇది పిల్లల్లో ఉంటుందమ్మా. ఈమె పెద్దది కదా," అన్నాడు.

అమ్మ సంచి సర్దుకుంటూ లేచింది. "పిల్లలకున్నది పెద్దగయినంక యాడికి పోతది సార్?"

ఆయన బల్ల మీద గంట నొక్కాడు. బయట ఎర్ర అంకె మారింది.

టేపు

ఎల్బీ నగర్ మెట్రో నాకు ఇష్టం. అదే ఆఖరు స్టేషన్ కాబట్టి స్టేషన్లు లెక్కపెట్టక్కర్లేదు, బండి ఆగిపోయినప్పుడు దిగితే చాలు. ఆ రోజు క్లినిక్ నుంచి అందులోనే వచ్చాం. అమ్మ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. నాలుగో తరగతిలో లెక్కల పంతులు చింతబరికె విరిగేదాకా కొట్టాడట. మర్నాటి నుంచి బడికి పోలేదట. "అందరికి గంతే కష్టముంటదనుకున్న. మిగిలినోళ్లు ఓర్చుకుంటున్నరు, నాకే ఓపిక లేదనుకున్న. నువ్వు పాడుకుంట చెప్తుంటె, నా బిడ్డ మంచిగనే చదువుతుంది అనుకున్న."

ఈ కథలో నేను తిట్టినవాళ్లందరూ తిట్లకు అర్హులే, ఒక్క మాటా వెనక్కి తీసుకోను. కానీ రెండేళ్లు అందరికంటే ఎక్కువ అసహ్యించుకున్నది అమ్మనే. నా డైరీ దొంగిలించి డాక్టరు చేతిలో పెట్టిన మనిషి, చదువు లేని మనిషి అని. పుస్తకాలు చదివే నాకు, రోజూ కళ్ల ముందు మెడలో ఊరికే వేలాడే టేపు ఏం చెప్తోందో చదవడం రాలేదు. డాక్టరు నా మూడు వాక్యాలైనా చదివాడు. నేను అమ్మది ఒక్కటీ చదవలేదు.

ఇప్పుడు పుస్తకం చదవగలుగుతున్నాను. మొదట రోజుకు ఒక పేజీ, తర్వాత పది, మొన్న ఒక నవల పూర్తిచేశాను. కోచింగ్ మానేశాను. ఇంటి దగ్గరి స్కూల్లో చిన్నపిల్లలకు తెలుగు చెప్తున్నాను. హాజరు లెక్క పక్క టీచరు చూస్తుంది, బదులుగా ఆమె తెలుగు ఉత్తరాలు నేను రాస్తాను. భయానికి ఒక చిన్న గోలీ ఇంకా ఉంది. సబిహా ఆంటీ అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అత్త మంచిగుందా?" అని అడుగుతుంది.

అంకెలకు ముఖాలు పెట్టి రాయడం మాత్రం మానేశాను. పరువు పోయిన పని మళ్లీ చేయబుద్ధి కాలేదు.

పోయిన ఆదివారం పొద్దున ఒకామె ఆది లేకుండా గుడ్డ తెచ్చింది. అమ్మ దారంతో కొలిచి పంపించింది. తర్వాత మెడలోంచి టేపు తీసి మోకాళ్ల మీద పరుచుకుని నన్ను పిలిచింది.

"ఇటు రావే. గా డైరీల రాసినోళ్లు ఎవరెవరో చెప్పు. గీడ నిలవడ్డోడు?"

"ఒకటి. వాచ్‌మన్."

"గీమె?"

"ఏడు. అత్త."

"అవును, మా అత్త లెక్కనే ఉంది," అంది అమ్మ. నవ్వలేదు. వేలు టేపు మీద వెనక్కి ముందుకి జరిపి, ఒకచోట ఆపి, ఇంకోచోట ఆపి, చాలాసేపు చూసింది. ఆరు, తొమ్మిది. నేను పేర్లు చెప్పబోయాను.

"చెప్పకు," అంది. "గీళ్లిద్దరు నాకు చిన్నప్పటి సంది తెలుసు."